ర పలకని తాబేలు

పిల్లల ఛానల్ అంటే లోపలంతా రంగులూ నవ్వులూ కేరింతలూ అనుకుంటారు, చూడనివాళ్లు. మెట్లెక్కి మూడో అంతస్తుకి వెళితే తెలుస్తుంది. గోడలకి గోనెరంగు గుడ్డ, నేలమీద కాళ్లకి చుట్టుకునే తీగలు, ఏసీ చలికి చల్లారిపోయిన టీ కప్పులు, పిల్లలంటే అంతగా గిట్టని పెద్దవాళ్లు. పొద్దున్నే పాలు తాగే పిల్లలకి బొమ్మల కథలు, మధ్యాహ్నం బడి పాఠాలు, సాయంత్రం మళ్లీ బొమ్మలు, ఆరున్నర దాటాక మీసాలు మొలిచీ మొలవనివాళ్లకి పాటల పోటీలూ మొటిమల మీద చర్చలూ. ఇదంతా ఆ అంతస్తులోంచే ఇళ్లకి చేరుతుంది. కానీ ఆ గదుల్లో వెతికినా ఒక్క పిల్లాడు కనపడడు. బొమ్మల్లో పిల్లలకి గొంతులిచ్చేది ఆడవాళ్లు. పెళ్లిళ్లయి, నడుం నొప్పులొచ్చి, జుట్టుకి రంగేసుకునే ఆడవాళ్లు.

వాళ్లందరిలోకీ పాతావిడని డిప్పక్క అంటారు. ఆవిడకి అసలు పేరంటూ ఒకటి ఉంది కానీ, పిలిచేవాళ్లు లేక అది జీతం కాగితం మీదే ఉండిపోయింది. డిప్పగాడు అనే తాబేలు పిల్లకి గొంతు ఆవిడది. బొమ్మ మొదట ఎక్కడో పరాయి దేశంలో గీసింది. నీలం టోపీ, వీపున డిప్ప, నడిస్తే అటూ ఇటూ ఒరిగే నడక. ఇక్కడికొచ్చేసరికి దాన్ని మన కథలకి తగ్గట్టు కదిలించి, నోట్లో మన మాటలు పెడతారు. డిప్పగాడి నోట్లో పెట్టిన మాటల్లో ఒక్క అక్షరం మాత్రం ఇమడలేదు. వాడికి ర పలకదు. ర ఉన్నచోటల్లా ల వస్తుంది.

"నా పేలు డిప్పగాడు" అంటాడు. పక్కనున్న కప్ప పిల్ల వాడి టోపీ ఎత్తి పేలకోసం వెతుకుతుంది. "నాకు ఎల్ల కాలు కావాలి" అంటే నత్త వాడి కాళ్లకి ఎర్రరంగు పూస్తుంది. కారు అడిగాడని ఎవరికీ తెలియదు. తెలిసేది టీవీ ముందున్న పిల్లలకే. అందుకే వాళ్లకి వాడంటే అంత ఇష్టం. పెద్దవాళ్లకి అర్థంకానిది తమకి అర్థమవుతోందన్న గర్వం చిన్నపిల్లలకి తక్కువేమీ కాదు. కథ అయిపోయాక డిప్పగాడు టోపీ ఊపుతూ "లేపూ వస్తా, టాటా!" అంటాడు. ఊళ్లో పిల్లలందరూ అదే అంటూ పక్కలెక్కేవాళ్లు.

ఈ ర పోయిన గొంతు ఎక్కడిదో ఆ అంతస్తులో ఎవరికీ తెలియదు. ఆవిడ చెప్పలేదు. కడుపు చించుకుంటే కాళ్లమీద పడుతుందని ఊరుకుంది.

డిప్పక్కకి ఒక్కడే కొడుకు. అయిదేళ్లు నిండబోతున్నాయనగా కూడా వాడికి ర తిరగలేదు. బళ్లో వేస్తే నాలుక అదే తిరుగుతుందిలే అన్నారు పెద్దవాళ్లు. వాళ్ల నాన్న కళ్లద్దాల దుకాణంలో అద్దాలు అరగదీసే పనిచేసేవాడు. పొద్దున్నుంచీ సాయంత్రందాకా రాయిమీద నీళ్లు పోస్తూ, గాజు బిళ్లని వేళ్లతో తడుముతూ, మళ్లీ అరగదీస్తూ. పార్కులో బొమ్మ రైలు ఎక్కిస్తానని కొడుక్కి మాటిచ్చాడు. ఆ మాట రోజూ ఇచ్చేవాడు. సాయంత్రం చెప్పులు విప్పకముందే పిల్లాడు ఎదురొచ్చి "లేపూ?" అని దీర్ఘం తీసేవాడు. "రేపే నాన్నా" అనేవాడు ఆయన. ఇంట్లో అన్నీ అయిపోయినా రేపు మాత్రం ఎప్పుడూ నిండుగా ఉండేదని డిప్పక్క వెక్కిరించేది. పొద్దున పూట మాత్రం వాడు మంచంలోంచే రెండు చేతులూ చాచి "లేపు" అని టక్కున తెంపేవాడు. ఎత్తుకుని భుజాన వేసుకోమని అర్థం. ఒకటి సాగదీసేది, ఒకటి తెంపేది. తల్లి చెవి కాబట్టి తేడా తెలిసేది.

అప్పటికి ఆవిడ గొంతు పనులకి కొత్త. సబ్బుల ప్రకటనల్లో వెనక వినిపించే నవ్వుల్లో ఒక నవ్వు ఆవిడది. పిల్లాడికి రెండు రోజులుగా జ్వరం. తగ్గుముఖం పట్టిందనిపించిన రోజున ఆయన దుకాణానికి సెలవు పెట్టి ఇంట్లో ఉన్నాడు, ఆవిడ వెళ్లి నవ్వొచ్చింది. ఇంకా పెద్దగా, ఇంకా హాయిగా అని ఆ ప్రకటనవాడు మళ్లీ మళ్లీ నవ్వించాడు. దీపాలు పెట్టే వేళకి తిరిగొస్తే, మెట్ల మీద ఎదురయ్యాడు మొగుడు, పిల్లాణ్ని భుజాన వేసుకుని పరుగు మీద దిగుతూ. నిద్రపోయాడు, లేపితే లేవట్లేదు అన్నాడు. మెదడుకి పాకిందన్నారు ఆస్పత్రిలో, మధ్యాహ్నమే తీసుకొస్తే ఏమయ్యేదో అన్నారు. ఏమయ్యేదో వాళ్లూ చెప్పలేదు, వీళ్లూ అడగలేదు. వాడు మళ్లీ కళ్లు తెరవలేదు.

ఆ తర్వాత మొగుడూ పెళ్లాల మధ్య వాడి మాట రాలేదు. కొట్టుకోలేదు, తిట్టుకోలేదు, ఒకళ్ల భుజం మీద ఒకళ్లు ఏడవనూ లేదు. ఉప్పు తక్కువైందనీ కరెంటు పోయిందనీ మాట్లాడుకునేవాళ్లు. కొన్ని ఇళ్లలో చావు అలాగే ఉంటుంది, వాడకం లేని గది తాళం వేసినట్టు.

ఏడాది తిరక్కుండానే ఈ ఛానల్ పెట్టారు. పిల్లల గొంతులు కావాలంటే వెళ్లింది. గది మధ్యలో మైకు, చెవులకి హెడ్‌ఫోన్లు, ఎదురుగా తెరమీద నోరు ఆడించే తాబేలు. చిన్నపిల్లల గొంతు పలకాలంటే మడమలెత్తి వేళ్లమీద నిలబడాలి, అప్పుడే గొంతు పైకి లేస్తుంది. అలాగే నిలబడింది. కాగితం మీద "నా పేరు డిప్పగాడు" అని ఉంది. నోరు తెరిస్తే "నా పేలు" అని వచ్చింది.

అద్దం అవతల మీటల బల్ల దగ్గర కూర్చున్నాయన పడీపడీ నవ్వాడు. ఆయన్ని అందరూ బాబాయి అంటారు. "మళ్లీ అనమ్మాయ్! అలాగే అను! వీడికి ర రాదంతే!" అని మైకులో అరిచాడు. ఆవిడ నాలుక మడతపడిందని చెప్పబోయింది. అంతలో ఆ మాట తిరిగి హెడ్‌ఫోన్లలో వినిపించింది. చెవుల్లో, తలలో, ఇంకెక్కడా చోటు లేనంతగా వాడి గొంతు. ఏడవడానికి వ్యవధి లేదు, తర్వాతి డైలాగు వచ్చేసింది. ఆ రోజునుంచీ వాడు రోజూ మాట్లాడాడు. ఆవిడ నోరు, వాడి మాట.

ఇంట్లో ఆయనకి చెప్పలేదు. టీవీలో తనే వింటాడులే అనుకుంది. విన్నాడు. సాయంత్రం ఆరింటికి డిప్పగాడు వచ్చేసరికి దుకాణం నుంచి వచ్చి కుర్చీలో కూర్చునేవాడు. కళ్లద్దాలు తీసి పసుప్పచ్చ గుడ్డతో తుడుస్తూ, తల కొంచెం పక్కకి వంచి వినేవాడు. నవ్వేవాడు కాదు, బాగుందనీ బాలేదనీ అనేవాడు కాదు. ఒక్కరోజు కూడా మానలేదు. ఒకసారి దుకాణం యజమాని ఆలస్యం చేయించాడని సగం అరగదీసిన అద్దం అక్కడే పడేసి వచ్చేశాడు. మర్నాటి డైలాగులు వంటింట్లో వల్లించుకుంటున్నా ఆవిడ మడమలు లేవడం ఆయన చూసేవాడు. ఇంట్లో ఉన్న రోజుల్లో ఆవిడ ఆయన కుర్చీ వెనక నేలమీద కూర్చుని కూరగాయలు తరుగుతూ వినేది. కొడుకు గొంతు వినడానికే మొగుడు పరిగెత్తి వస్తున్నాడని ఆవిడకి నమ్మకం. మాటల్లో చెప్పుకోలేనిది ఇలా పంచుకుంటున్నాం, ఆ అరగంటసేపు ఇంట్లో మళ్లీ ముగ్గురం ఉన్నాం అనుకునేది. ఆవిడ బతికింది ఆ అరగంట మీద.

మొదట్లోనే ఒక తమాషా జరిగింది. తాబేలు వెల్లకిలా పడితే తనంతట తను లేవలేదు కదా. డిప్పగాడు పడ్డాడు, "లేపు!" అని అరిచాడు. కప్పా నత్తా మొహమొహాలు చూసుకుని, "రేపా? సరే, రేపొస్తాం" అని వెళ్లిపోయాయి. ఈ ముక్క కాగితం మీద లేదు. ఆవిడే మాటలు రాసేవాడికి అందించింది. "రేపయితే వాడు సాగదీస్తాడు, లేపమనడానికయితే తెంపేస్తాడు, ఆ వెధవలకి అదే తెలియదు" అని నవ్వుతూ చెప్పింది. పిల్లలు విరగబడి నవ్వారు. అది ఇంట్లో చూసిన రోజున ఆయన గబుక్కున లేచి స్నానాలగదిలోకి వెళ్లాడు. చాలాసేపు కుళాయి తిప్పిన చప్పుడు వచ్చింది. మగవాడు కదా, ఏడుపు కుళాయి కింద దాచుకున్నాడనుకుంది ఆవిడ. జాలేసింది, ప్రేమ కూడా కలిగింది. కొడుకుని ఆయనకి అంత దగ్గరగా తెచ్చి పెట్టగలిగినందుకు లోపల్లోపల గర్వపడింది. రాసేవాడికి చెప్పి ఆ వెల్లకిలా పడే తమాషా వారానికోసారి పెట్టించింది.

అలా ఇరవై ఏళ్లు గడిచాయి. కప్పకి గొంతిచ్చినావిడ మనవళ్లని ఎత్తుకుంది. నత్త గొంతావిడ మోకాళ్లు అరిగి మానేసింది. డిప్పగాడికి మాత్రం అయిదేళ్లు దాటలేదు.

పోయిన ఏడు ఛానల్‌కి కొత్త మేడమ్ వచ్చింది. మేడమ్ అంటే ఎంత వయసుంటుంది, డిప్పక్క కొడుకు బతికుంటే ఆ ఈడే. వచ్చిన రోజునే డిప్పక్క చేతులు రెండూ పట్టుకుంది. "అక్కా, నేను మీ గొంతు విని పెరిగాను. మా అమ్మ తిడితే డిప్పగాడొచ్చి నన్ను తీసుకెళ్తాడని ఏడ్చేదాన్ని" అంది. చెడ్డపిల్ల కాదు. చెడ్డదయితే బాగుండేది, తిట్టుకోవడానికయినా ఉండేది.

ఒకరోజు తన గదిలోకి పిలిచి కూర్చోబెట్టింది.

"అక్కా, ఒక చిక్కొచ్చింది. పిల్లల అమ్మానాన్నలు ఒకటే గొడవ. బళ్లో పేరడిగితే నా పేలు అంటున్నారట పిల్లలు. ఒక పాపని రెండు బళ్లవాళ్లు వద్దన్నారట. వాళ్లమ్మ ఇక్కడికొచ్చి, ఇదే కుర్చీలో కూర్చుని ఏడ్చింది."

"పిల్లలకి కొన్నాళ్లు అలాగే ఉంటుందమ్మా. అదే తిరుగుతుంది."

"నిజమే, కానీ మనమేగా రోజూ నేర్పుతున్నాం! ఇప్పుడు మనది నేర్పించే ఛానల్ అని చెప్పుకుంటున్నాం కూడా." ఆ పిల్ల ముందుకి వంగింది. "అయినా అక్కా, వాడికి ఇంకా నాలుక తిరగలేదా? నేను ఉద్యోగంలో చేరాను, వాడు ఇంకా అక్కడే ఉన్నాడు. ఇరవై ఏళ్లుగా చిన్నపిల్లాడేనా?" అని నవ్వింది.

ఎక్కడ తగిలిందో ఆ పిల్లకి తెలియదు. డిప్పక్క మంచినీళ్లు తాగింది.

"వాడికి తిరగదమ్మా."

"మీరు తిప్పితే తిరుగుతుందక్కా. వాడి నాలుక మీ దగ్గరేగా ఉంది."

ఇక కొత్తవే కాదు, పాత కథలన్నీ కూడా, బొమ్మలతో సహా, సరిచేసే వెయ్యాలన్నారు. అందుకు రెండు దారులు. డిప్పక్క ఒప్పుకుంటే పాత గొంతు అలాగే ఉంచి, ర ఉన్న మాటలు మాత్రం ఏరి, వాటిచోట ఆవిడచేత మళ్లీ చెప్పించి అతికిస్తారు. ఒప్పుకోకపోతే మొదటి కథ నుంచీ అంతా చెరిపేసి కొత్తమ్మాయి చేత చెప్పిస్తారు. కొత్తమ్మాయిని పిలిపించి వినిపించారు కూడా. గొంతు చక్కగా ఉంది. వేరే పిల్లాడి గొంతు.

కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. చెయ్యనంటే వాడు మొత్తంగా పోతాడు. చేస్తే వాణ్ని ముక్కముక్కగా తనే తీసెయ్యాలి. ఎందుకు వద్దో చెప్పాలంటే అసలు సంగతి చెప్పాలి. చెబితే ఆ మంచిపిల్ల ఏడుస్తుంది, ఓదారుస్తుంది, అంతా అయ్యాక కొత్తమ్మాయిని పిలుస్తుంది. సగం పిల్లాడయినా మిగులుతాడు కదా అని డిప్పక్క ఒప్పుకుంది. గోరుచుట్టు మీద రోకటిపోటు ఏమిటంటే, ఈ సంగతి ఇంట్లో మొగుడికి చెప్పాలి. ఆరింటి అరగంట కోసం బతుకుతున్న మనిషికి నీ కొడుకు మాట నేనే మార్చేస్తున్నానని ఎలా చెప్పడం? రేపు చెబుదాం అనుకుంది. మర్నాడు కూడా రేపు చెబుదాం అనుకుంది.

పని మొదలైంది. దాని పద్ధతి ఏమిటంటే, హెడ్‌ఫోన్లలో పాత గొంతు వస్తుంది, "నా" అని. అక్కడ ఖాళీ. ఆ ఖాళీలో ఆవిడ "పేరు" అనాలి. వెంటనే పాత గొంతు "డిప్పగాడు" అని అందుకుంటుంది. ముందూ వాడే, వెనకా వాడే, మధ్యలో కొత్త ర. మడమలెత్తి నిలబడింది. "నా" అన్నాడు వాడు. "పేలు" అంది ఆవిడ.

"ర అమ్మాయ్" అన్నాడు బాబాయి అద్దం అవతల నుంచి.

"నా." "పేలు."

"ఇంట్లో ర అంటావు, రోడ్డు మీద ర అంటావు, ఇక్కడేమొచ్చింది?"

వెన్నతో పెట్టిన విద్య అది, మైకు ముందు మడమలు లేస్తే నాలుక తనంతట తనే వాడి దగ్గరికి పోతుంది. ఎన్నిసార్లు చెప్పినా అంతే. కొత్త మేడమ్ అద్దం వెనక వచ్చి నిలబడింది, కొత్తమ్మాయి కూడా నిలబడింది. చివరికి డిప్పక్క ఒక ఉపాయం కనిపెట్టింది. మడమలు దించేసి పాదాలు రెండూ నేలకి ఆనించి నిలబడింది. పిల్లాణ్ని మనసులోంచి పక్కన పెట్టింది. దుకాణంలో చిల్లర అడిగే మనిషిలా నిలబడి గొంతు మాత్రం సన్నం చేసి "పేరు" అంది. ర వచ్చింది.

"బాగా పలికావమ్మాయ్!" అన్నాడు బాబాయి. ఆయనకి అది మామూలు మాట. మీటల బల్ల మీద పనిచేసేవాళ్లందరూ ప్రతి మంచి టేకుకీ అదే అంటారు.

అక్కణ్నుంచి రోజూ అదే పని. రా, రాను, ఎవరు, నోరు, దారి, జ్వరం, పరుగు, మరి. ఒక్కొక్క మాటా ఏరి తీసింది. పాదాలు నేలకి ఆనించి వాడి నోట్లోంచి వాడి మాట లాగేసి, సుబ్బరమైన మాట కుక్కింది. తడబడిన పిల్లాడి పక్కన తడబడని ముసలిది. టేకు టేకుకీ వాడు పెద్దవాడవుతున్నట్టుండాలి నిజానికి. కానీ పెద్దవాడవలేదు, కరిగిపోయాడు. సాయంత్రం ఇంటికెళ్లేటప్పుడు బస్సులో నోరు విప్పాలంటే భయమేసేది ఆవిడకి.

చివర్లో మిగిలింది టాటా. దాని దగ్గర ఆగింది.

"బాబాయ్, ఇదొక్కటీ వదిలెయ్యకూడదా?"

బాబాయి మేడమ్ వైపు చూశాడు. "అసలు అదే ముఖ్యం అక్కా, పిల్లలందరూ పట్టుకున్నది దాన్నేగా" అంది ఆ పిల్ల, బతిమాలుతున్నట్టు. డిప్పక్క పాదాలు సర్దుకుంది. "రేపు" అంది. "వస్తా, టాటా!" అన్నాడు వాడు.

"బాగా పలికావు" అన్నాడు బాబాయి. తర్వాత మీటలు ఆపి తల గోక్కున్నాడు. "ఇంక ఆ వెల్లకిలా పడేవన్నీ కోసెయ్యాల్సిందే అమ్మాయ్. లేపంటే లేపే, రేపంటే రేపే అయ్యాక ఇంక జోకెక్కడుంది?"

సరిచేసిన డిప్పగాడు ఫలానా రోజునుంచి వస్తాడని ఛానల్లో ముందే ఊదరగొట్టారు. ఇంట్లో ఆయన చెవిన పడకుండా డిప్పక్క ప్రకటనలప్పుడు ఏదో ఒక మాట కలిపేది. ఆ రోజు రానే వచ్చింది. ఆవిడ పెందలాడే ఇల్లు చేరింది. టీవీ తీగ ఊడబెరుకుదామా అనుకుంది. ఊడబెరికితే ఆయన బాగుచేసుకుని చూస్తాడు. ఆరు కావస్తుంటే ఆయన వచ్చి కాళ్లు కడుక్కుని కూర్చున్నాడు, పసుప్పచ్చ గుడ్డ తీశాడు.

"ఏవండీ, చెప్పుల షాపుదాకా వెళ్లొద్దామా? నా చెప్పు తెగింది."

"అయ్యాక వెళ్దాం."

"అప్పటికి మూసేస్తారేమో."

"మూస్తే రేపు వెళ్దాం" అన్నాడు.

డిప్పగాడు వచ్చాడు. నీలం టోపీ అదే, ఒరిగే నడక అదే. "నా పేరు డిప్పగాడు" అన్నాడు. ఆయన చేతిలో గుడ్డ ఆగింది. డిప్పక్క కూరగాయల పళ్లెం ముందు పెట్టుకుని, తరగకుండా, ఆయన వీపు వైపు చూస్తూ కూర్చుంది. ఆయన తల తిప్పలేదు. కారు కావాలన్నాడు డిప్పగాడు, కారే ఇచ్చారు. అడిగింది అడిగినట్టు దొరికే ఆ కథలో నవ్వడానికేమీ లేదు. ఆయన అంతా చూశాడు. "రేపు వస్తా, టాటా!" అని టోపీ ఊపాడు వాడు.

ఆయన కళ్లద్దాలు పెట్టుకున్నాడు.

"ఇలా అనుంటే తెలిసేది" అన్నాడు.

"ఏమిటండీ?"

"ఆ రోజు మధ్యాహ్నం" అన్నాడు ఆయన టీవీ వైపే చూస్తూ. "మంచం పక్కనే కూర్చున్నా. కళ్లు మూసుకునే ఉన్నాడు. నాన్నా, లేపు... అన్నాడు."

ఇరవై ఏళ్లలో ఆయన నోట వాడి మాట రావడం అదే మొదలు. ముసలిగొంతే, వణుకుతున్న గొంతే. కానీ వాడు ఎలా అన్నాడో అచ్చం అలాగే అన్నాడు. సాగదియ్యలేదు. టక్కున తెంపాడు.

"నేను రైలు గురించి అనుకున్నా. రోజూ అడిగేదే కదా అని. రేపే నాన్నా, జ్వరం తగ్గనీ, పడుకో అన్నా. దుప్పటి కప్పా. మళ్లీ అడగలేదు. హమ్మయ్య, నిద్రపట్టింది కదా అని నేనూ అక్కడే కునుకు తీశా." గుడ్డని వేలికి చుట్టుకున్నాడు. "తర్వాత అనుమానం పట్టుకుంది. నువ్వు అచ్చం వాడిలాగే అంటావు కదా, రోజూ వింటే ఎప్పటికయినా తేలుతుందేమో, రేపా, లేపమన్నాడా అని. ఇన్నేళ్లూ విన్నా. నాకు చెవి లేదు. ఇవాళ దాన్ని కూడా మార్చేశారు. ఇంక నాకెలా తెలుస్తుంది?"

డిప్పక్క కూరగాయల పళ్లెం పక్కకి జరిపింది. కొడుకుని తెచ్చి మొగుడి ఒళ్లో పెడుతున్నాననుకుంది ఇన్నేళ్లూ. పెట్టింది ఆ మధ్యాహ్నాన్ని. రోజూ ఆరింటికి తెచ్చి, ఆయన ఎదురుగా కూర్చోబెట్టి, అడిగిందే మళ్లీ అడిగించింది. చాలదన్నట్టు వారానికోసారి తాబేలుని వెల్లకిలా పడేసి, లేపమని అరిపించి, రేపొస్తామని వెళ్లిపోయేవాళ్లని చూపించి ఊరంతటినీ నవ్వించింది. ఆ కుళాయి చప్పుడు ఇప్పుడు అర్థమైంది ఆవిడకి. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే, కాలింది మాత్రం ఆయన చేతులు.

ఆయన కుర్చీలోంచి వెనక్కి తిరిగాడు.

"నీకు తెలుస్తుంది. నువ్వు చెప్పు. వాడు ఏమన్నట్టు?"

తెలిసింది ఆవిడకి. ఆయన అన్న క్షణంలోనే తెలిసింది. తల్లి చెవి అది, తప్పదు. ఆవిడ లేచి నిలబడింది. ఎందుకు లేచిందో తనకే తెలియదు. పాదాలు రెండూ నేలకి గట్టిగా ఆనించుకుంది.

"రేపనే అన్నాడండీ. రైలు గురించే" అంది.

ర చాలా స్పష్టంగా వచ్చింది. ఎక్కడా తడబడలేదు. ఆయన ఆవిడ మొహంలోకి చూశాడు. తర్వాత కిందికి, నేలమీద కదలకుండా ఉన్న ఆవిడ పాదాల వైపు చూశాడు. టీవీలో పెద్దపిల్లల పాటల పోటీ మొదలై చప్పట్లు వినపడుతున్నాయి. ఆయన లేచి వెళ్లి దాన్ని కట్టేశాడు.

"బాగా పలికావు" అన్నాడు.